కత్తెర తగలని సీజను

సావనీరుకు ఏదైనా వ్రాసిమ్మని సంపాదకవర్గం మిత్రులిద్దరు మా ఇంటికి వచ్చినప్పుడు, అలవాటు ప్రకారం "ఆ రోజుల్లో మన కాలేజీ" అని శీర్షిక పెట్టి రెండు పేజీలు నింపి పంపుదామనుకున్నాను. పాత విద్యార్థులు వ్రాసేవన్నీ ఇంచుమించు అవే. క్యాంటీను చాయ్, ప్రిన్సిపాల్‌గారి కేకలు, ఇప్పటి పిల్లలకు క్రమశిక్షణ లేదన్న నిట్టూర్పు. కాని ఆ వచ్చినవాళ్ళు చాయ్ తాగుతూ అసలు సంగతి బయటపెట్టారు.

"సార్, మన హాకీ టీములో ఒక కుర్రాడున్నాడు. సీజను మొదలైన కాణ్ణుంచి జుట్టు కత్తిరించలేదు. ఇప్పుడు రిబ్బను పెట్టి ఆడుతున్నాడు. లెక్చరర్లలో సగంమంది కోప్పడుతున్నారు, సగంమంది నవ్వుతున్నారు. మీరూ అప్పట్లో జుట్టు పెంచి టీములోంచి పోయారట కద, దాని మీదనే వ్రాయండి."

నలభయ్యేళ్ళు దాటినా కాలేజీలో కొన్ని సంగతులు చావవు. నా డిగ్రీ మార్కులు ఎవరికీ గుర్తులేవు. నేను వేసిన గోళ్ళూ గుర్తులేవు. జుట్టు మాత్రం గుర్తుంది. సరే, వ్రాస్తాను. అయితే నా కథ ఒక్కటే చెబితే అది స్వోత్కర్ష అవుతుంది. ఆటగాడు సీజనులో జుట్టెందుకు పెంచుతాడు, పెంచితే ఆటకు ఏమవుతుంది అన్నది కూడా కాస్త కలిపి చెబుతాను.

మొదట లెక్క. నెత్తి మీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. వాటిలో నూటికి ఎనభయ్యైదు తొంభై దాకా ఏ రోజు చూసినా పెరిగే దశలోనే ఉంటాయి. మిగిలినవి విశ్రాంతిలో ఉండి రాలిపోతుంటాయి. రోజుకు యాభై నుంచి నూరు రాలడం మామూలే. దువ్వెనలో నాలుగు వెంట్రుకలు కనబడగానే బెంబేలుపడి షాపుల చుట్టూ తిరిగే మన హాస్టలు మిత్రులు ఈ మాట గుర్తుంచుకుంటే డబ్బులు మిగులుతాయి. పెరుగుదల రోజుకు మిల్లీమీటరులో మూడో వంతుకు కాస్త పైన. అంటే నెలకు సెంటీమీటరు పైచిలుకు, ఏడాదికి అయిదారు అంగుళాలు. చెమట పడితే ఎక్కువ పెరగదు. నూనె రాస్తే ఎక్కువ పెరగదు. గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందని మన ఇళ్ళలో పెద్దలు గట్టిగా నమ్ముతారు గాని, వెంట్రుకను పుట్టించేది చర్మం కింద ఉన్న కుదురు. కత్తి పైన ఏం చేసిందో దానికి తెలియదు. కొస మొద్దుగా తెగుతుంది కాబట్టి చేతికి బిరుసుగా తగులుతుంది, అంతే.

ఇప్పుడు హాకీ సీజను తీసుకోండి. మా కాలంలో వానలు తగ్గుముఖం పట్టాక కాలేజీ ప్రాక్టీసు మొదలయ్యేది. ఇంటర్ కాలేజీ ఆటలు, అందులో తేలినవాళ్ళకు యూనివర్సిటీ సెలక్షన్లు, అటుపైన ఇంటర్ వర్సిటీ. ఎంత సాగదీసినా సంక్రాంతి దాటేసరికి స్టిక్కులు అటకెక్కేవి. అంటే ఆరు నెలలు. ఆరు నెలలకు జుట్టు పెరిగేది మూడంగుళాలు. చిక్కంతా ఇక్కడే ఉంది. ఒకటిన్నర రెండంగుళాల క్రాఫింగుతో మొదలుపెట్టినవాడికి దసరా నాటికి ముందు జుట్టు కళ్ళకు అందుతుంది. దాన్ని వెనక్కి లాగి ముడివేయాలంటే ఆరంగుళాలైనా కావాలి. అది సీజను అయిపోయాక గాని రాదు. కట్టుకోవడానికి చాలదు, వదిలేయడానికి ఎక్కువ. సీజనులో జుట్టు పెంచాలనుకున్న ప్రతివాడూ సరిగ్గా ఆ పాడుకాలంలోనే ఆటంతా ఆడాలి.

ఫుట్‌బాలులో అయితే ఇంత బాధ లేదు. వాళ్ళు తలెత్తి పరుగెత్తుతారు. జుట్టు గాలికి వెనక్కి పోతుంది, చూడటానికీ బాగుంటుంది. హాకీ వంగి ఆడే ఆట. నడుము వంగి, తల దించి, బంతిని చూస్తూనే పక్కచూపుతో మనుషులను కనిపెట్టాలి. తల దించినవాడి జుట్టు ఎటు పడుతుంది? ముందుకే. పైగా చెమటకు తడిసిన జుట్టు పాయలు పాయలుగా అతుక్కుంటుంది. తడి వెంట్రుకను లాగితే మూడో వంతు దాకా సాగుతుంది కూడా. పొడిగా ఉన్నప్పుడు కనుబొమల దగ్గర ఆగిన పాయ, రెండో హాఫ్‌కి కంట్లోకి వస్తుంది. ఇది నేను పుస్తకంలో చదవలేదు. అనుభవించాను.

అసలు సంగతికి వస్తాను. అది 1977. అప్పటి సికిందరాబాదులో పొడుగు జుట్టు పెద్ద వింత కాదు. సంగీత్ టాకీసులో ఇంగ్లీషు సినిమా చూసి బయటికి వచ్చే కుర్రాళ్ళలో సగంమంది చెవులు కనబడేవి కావు. అమితాబ్ కటింగ్ అనేవారు, స్టెప్ కటింగ్ అనేవారు. మా పెద్దలకు మాత్రం అన్నీ ఒకటే, "హిప్పీ". 1975లో కౌలాలంపూరులో మన జట్టు పాకిస్తాన్‌ను 2-1తో ఓడించి ప్రపంచ కప్పు తెచ్చినప్పుడు పేపర్లో పడిన ఫోటోలు చూసి, మాలో చాలామంది జుట్టే కాదు, చెంపల మీద సైడ్ లాక్సులూ పెంచారు. ధ్యాన్‌చంద్ కొడుకు అశోక్ కుమార్ ఆ ఫైనల్లో గెలుపు గోలు వేశాడు. అతనిలా ఆడలేకపోయినా అతనిలా కనబడటం మా చేతిలో పని కదా.

నాది ఆ బాపతు జుట్టు కాదు. కాని అందరూ అదే అనుకున్నారు, నేను అనుకోనిచ్చాను.

మా నాయన లాలాగూడ వర్క్‌షాపులో పనిచేసేవారు. ఆ ఆషాఢంలో, లష్కర్ బోనాలు అయిన వారానికి, ఆయనకు జ్వరం పట్టుకుంది. మామూలు జ్వరమనుకున్నాం. ఊపిరితిత్తులకు నీరు చేరిందన్నారు. సూదితో నీరు తీశారు, మళ్ళీ చేరింది. ఆసుపత్రి నుంచి ఇంటికి, ఇంటి నుంచి ఆసుపత్రికి. గట్టి మనిషి, చూస్తుండగా మంచానికి అతుక్కుపోయారు. ఒకనాడు పొద్దున నేను చిలకలగూడలో కటింగు షాపుకు పోదామని చొక్కా తొడుక్కుంటుంటే మా అమ్మ వాకిట్లో అడ్డం నిలబడ్డది.

"కత్తెర పెట్టియ్యకు బిడ్డా. మీ నాయిన లేసి డూటీకి పోయినంక నీ ఎంటికెలు గుట్టకు ఇస్తనని మొక్కుకున్న."

గుట్ట అంటే మాకు యాదగిరిగుట్ట. నరసింహస్వామి. నన్ను ఒక్క మాట అడగకుండానే నా జుట్టు మొక్కేసింది. నాకు కోపం వచ్చిన మాట నిజం. సీజను మొదలు కాబోతోంది, నేను సెంటర్ ఫార్వర్డుని, ఈసారి యూనివర్సిటీ జట్టుకు తీసుకుంటారన్న ఆశ ఉంది. కాని అమ్మ మొగం చూసి ఏమీ అనలేకపోయాను. మా నాయనమ్మ మాత్రం అరుగు మీద కూర్చుని, ఎవరితోనో చెప్పినట్టు గొణిగింది: "లేసినా గుండే, లేవకున్నా గుండే."

ఆ మాట అర్థమవడానికి నాకు రెండు రోజులు పట్టింది. అర్థమయ్యాక అద్దం చూసుకోవడం మానేశాను. నాయన లేచి డ్యూటీకి పోతే నా జుట్టు గుట్టకు పోతుంది. లేవకపోతే కొడుకుగా నేను చేయించుకోవలసిన గుండు వేరే ఉంది. నా నెత్తి మీద పెరుగుతున్నది ఒక్కటే, దిగేది మాత్రం రెండింట్లో ఏదో ఒక గుండుతో. ఇది ఎవరితో చెప్పుకుంటాను? మా టీములో ఇంగ్లీషు మీడియం పిల్లలు, మెట్టుగూడ ఆంగ్లో ఇండియన్ కుర్రాళ్ళు, కంటోన్మెంటు ఆఫీసర్ల పిల్లలు ఉండేవారు. వాళ్ళ ముందు "మా అమ్మ మొక్కుకుంది" అనడం కంటే "హిప్పీ" అనిపించుకోవడమే గౌరవంగా తోచింది ఆ వయస్సులో.

ఇక్కడ కాస్త ఆగి ఒక మాట చెప్పాలి. జుట్టును గడువుగా పెట్టుకోవడం మన దేశంలో కొత్త కాదు. కౌరవుల నాశనం అయ్యేదాకా ద్రౌపది జడ ముడవలేదని కథ. నందులు కూలేదాకా చాణక్యుడు శిఖ ముడవలేదని కథ. భార్య కడుపుతో ఉన్నప్పుడు భర్త క్షౌరం చేయించుకోకూడదని మన ఇళ్ళలో ఇప్పటికీ పాటించేవారున్నారు. అయ్యప్ప దీక్ష పట్టినవారు నలభై ఒక్క రోజుల మండలం దాకా జుట్టూ గడ్డమూ తీయరు. ఆ దీక్షాకాలం సరిగ్గా హాకీ సీజను నడిమధ్యన పడుతుంది కూడా. వీటన్నిటిలో సూత్రం ఒకటే. గోడ మీద గీతలు గీస్తే చెరిపేయవచ్చు, క్యాలెండరు చించేయవచ్చు. జుట్టు మాత్రం మనం చూడకపోయినా తనంతట తాను లెక్క పెడుతూ పోతుంది. పెట్టుకున్న గడువు ఇంకా తీరలేదని ఎదుటివాడికీ చెబుతుంది.

తెల్లవాళ్ళు దీన్ని మొక్కు అనరు గాని, చేసే పని అదే. మంచు మీద ఆడే హాకీ ఒకటుంది కదా, కెనడా అమెరికాల్లో. 1980లో న్యూయార్క్ ఐలాండర్స్ అనే జట్టువాళ్ళు నాకౌట్ ఆటలు మొదలైనప్పటి నుంచి గడ్డాలు గీయడం మానేశారు. ఓడి ఇంటికి పోతేనో, స్టాన్లీ కప్పు గెలిస్తేనో గాని రేజరు ముట్టరు. ఆ ఏడు కప్పు వాళ్ళదే. మరుసటి ఏడూ, ఆ పై రెండేళ్ళూ కూడా వాళ్ళదే. నాలుగుసార్లు వరసగా గెలిచినవాడి గడ్డాన్ని కాదనేదెవరు? ఇప్పుడు ఆ ఆటలో అది ఆచారమైపోయింది. గెలిచినా గీకుడే, ఓడినా గీకుడే. మా నాయనమ్మ చూస్తే వాళ్ళ సంగతీ అదే మాటలో తేల్చేసేది.

వాళ్ళ జుట్టుకు ఇంకో కథ ఉంది. 1979 తర్వాత వారి పెద్ద లీగులో కొత్తగా చేరే ప్రతి ఆటగాడికీ హెల్మెట్టు తప్పనిసరి చేశారు. హెల్మెట్టు పెట్టుకున్నాక అందరూ ఒక్కలాగే ఉంటారు. మనిషి తనవాడని గుర్తుపట్టడానికి మిగిలేది వెనక మెడ మీద పడే జుట్టొక్కటే. దాన్ని "ఫ్లో" అంటారు, వేళాకోళంగా "సలాడ్" అనీ అంటారు. 1991, 1992లలో పిట్స్‌బర్గ్ జట్టుతో కప్పు గెలిచిన చెక్ కుర్రాడు యారొమీర్ యాగర్ ఆటకు ఎంత పేరో, హెల్మెట్టు కిందినుంచి భుజాల మీదికి దిగిన అతని జుట్టుకూ అంత పేరు. మిన్నెసోటా రాష్ట్రంలో స్కూలు పిల్లల టోర్నమెంటు జరిగేటప్పుడు, ఆటకు ముందు ఒక్కొక్కరూ హెల్మెట్టు లేకుండా వచ్చి పేరు చెప్పించుకుంటారు. ఆ కొన్ని క్షణాల కోసం శీతకాలమంతా జుట్టు పెంచుతారు. మనవాళ్ళకు హెల్మెట్టు గోలీకే గనుక ఆ అవసరం లేదు. మొగం కనబడుతూనే ఉంది.

మళ్ళీ మన గ్రౌండుకు వస్తాను. మా కోచ్‌గారు ఫౌజులో చేసి రిటైరైన మనిషి. స్టిక్కు పట్టుకునే తీరు, నిలబడే తీరు, జుట్టు కత్తిరించే తీరు, అన్నింటికీ ఆయన దగ్గర ఒక్కటే పద్ధతి ఉండేది. సెప్టెంబరు దాకా ఊరుకున్నారు. దసరా సెలవుల తర్వాత నన్ను లైను బయటికి పిలిచారు.

"సినిమాల్లో చేరతావా?"

"లేదు సార్."

"మరి కటింగ్ చేయించుకో. రేపు ఇలాగే వస్తే బెంచి మీద కూర్చో."

మరుసటి రోజు అలాగే వెళ్ళాను, బెంచి మీద కూర్చున్నాను. రెండు ఆటలు అలాగే కూర్చున్నాను. కారణం ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు. తప్పు ఎవరిదంటే ఇద్దరిదీ అంటాను. నాలో బింకం ఉంది, ఆయనలో అడిగే అలవాటు లేదు.

నన్ను ఆదుకున్నవాడు మా ఫుల్ బ్యాక్. సర్దార్జీల అబ్బాయి, వాళ్ళ నాన్న మిలిటరీలో ఉండేవారు, తిరుమలగిరి వైపు క్వార్టర్సు. అతని జుట్టు పుట్టినప్పటి నుంచి కత్తెర ఎరగదు, విప్పితే నడుము దాకా వచ్చేది. ఆట ఆడేటప్పుడు మాత్రం ఒక్క వెంట్రుక కదలదు. సిక్కులకు కేశాలు మతచిహ్నాల్లో ఒకటి. ఏ సీజనుకూ గడువుకూ సంబంధించినవి కావు. నడినెత్తిన జూడా ముడిచి, పైన పట్కా బిగించేస్తారు. హాకీ ప్రపంచంలో పొడవైన జుట్టు గోళ్ళకు అడ్డం కాదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. 1952 హెల్సింకి ఒలింపిక్ ఫైనల్లో హాలెండు మీద మనం వేసిన ఆరు గోళ్ళలో అయిదు బల్బీర్ సింగ్ ఒక్కడివే. 1975 ప్రపంచ కప్పు జట్టు కెప్టెన్ అజిత్‌పాల్ సింగ్ తల మీదా జూడాయే. అడ్డమయ్యేది పొడుగు జుట్టు కాదు, కట్టని జుట్టు.

మా ఫుల్ బ్యాక్ ఒకనాడు ప్రాక్టీసు అయ్యాక నన్ను కూర్చోబెట్టి చూశాడు. "జూడాకు చాలదు భాయ్, ఇంకో ఏడాదిన్నర ఆగాలి" అన్నాడు. తన పాత పట్కా గుడ్డ ఒకటి తెచ్చి మడిచి, నా నుదుటి మీదుగా తిప్పి వెనక గట్టిగా ముడివేశాడు. దాని మీద పాత సైకిలు ట్యూబు నుంచి కోసిన రబ్బరు పట్టీ. ఎందుకు పెంచుతున్నావని అతనూ అడగలేదు. తల మీద జుట్టున్నవాడికి కారణం ఏదో ఉంటుందనేది అతనికి పుట్టుకతో తెలిసిన విషయం. అడగకపోవడంలో ఇన్ని తేడాలుంటాయని నాకు అప్పుడే తెలిసింది.

పోతూ పోతూ ఇంకో సలహా కూడా ఇచ్చాడు. ఆటకు ముందు నూనె రాయకు అని. అది బంగారం లాంటి సలహా. మేము ఆడినవి మొరం గ్రౌండ్లు. కొబ్బరినూనె తల మీద ఎర్రదుమ్ము పడితే రెండు హాఫులయ్యేసరికి అది జుట్టు కాదు, ఇటుక మట్టి. ఒలింపిక్సులో 1976 మాంట్రియల్‌లోనే కృత్రిమ గడ్డి వచ్చింది గాని, మా దాకా రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. గచ్చిబౌలి స్టేడియం 2002 నేషనల్ గేమ్స్ కోసం కట్టారు. ఇప్పటి పిల్లలకు దుమ్ము బాధ తప్పింది. టర్ఫు మీద నీళ్ళు చల్లి ఆడతారు కాబట్టి తడి బాధ మాత్రం ఉంది.

పట్కా గుడ్డతో మూడో ఆటకు వెళితే కోచ్‌గారు ఎగాదిగా చూసి, ఏమనుకున్నారో, "ఆడు" అన్నారు. రెండు ఆటలు గెలిచాం. సెమీఫైనలు మిగిలింది.

ఆ రోజుల్లో ఆట మొదలుపెట్టడం, గోలు పడ్డాక మళ్ళీ మొదలుపెట్టడం "బుల్లీ"తో జరిగేది. 1981లో దాన్ని తీసేసి పాస్‌తో మొదలుపెట్టే పద్ధతి తెచ్చారు గనుక ఇప్పటివారికి చెప్పాలి. రెండు జట్ల సెంటర్ ఫార్వర్డులు ఎదురెదురుగా వంగి నిలబడతారు, మధ్యలో బంతి. స్టిక్కు నేలకు ఒకసారి, ఎదుటివాడి స్టిక్కుకు ఒకసారి, ఇలా మూడుసార్లు తట్టాలి. మూడో తట్టు కాగానే బంతి ఎవడు లాక్కుంటే వాడిది. రెప్పపాటు పని. తల పూర్తిగా దించి ఉంటుంది, రెండు తలలూ ఇంచుమించు తగిలేంత దగ్గరగా.

హాఫ్ టైములో ఎండకు తాళలేక మగ్గుతో నీళ్ళు నెత్తిన పోసుకున్నాను. గుడ్డ తడిసి ముడి వదులైంది. చూసుకోలేదు. అప్పటికి ఆట సమానంగా ఉంది. రెండో హాఫ్ బుల్లీలో ఒకటి, రెండు, మూడో తట్టుకు గుడ్డ జారి, జుట్టంతా కళ్ళ మీద పడింది. ఎడమ చేత్తో తోసుకునేలోగా బంతి లేదు. అది వెనక్కి, అక్కణ్ణుంచి కుడి అంచుకు, అక్కణ్ణుంచి మా సర్కిల్లోకి పోయింది. మా ఫుల్ బ్యాక్ అడ్డం పడ్డాడు గాని ఆగలేదు. 1-0. ఆ ఒక్క గోలే తేడా.

కోచ్‌గారు ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది. ఆయన చెప్పింది అక్షరాలా నిజమైంది. నా జుట్టు వల్ల జట్టు ఓడింది. నా కారణం ఎంత పవిత్రమైనదైనా పదిమంది సీజను నా నెత్తి మీద పెట్టుకుని ఆడే హక్కు నాకుందా అని ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. ఇప్పటికీ జవాబు తేలలేదు. యూనివర్సిటీ సెలక్షను లిస్టులో నా పేరు రాలేదు. దాన్ని జుట్టు మీదికి నెట్టను. ఆ ఏడు నాకంటే మంచి సెంటర్ ఫార్వర్డులు ఇద్దరున్నారు.

ఫిబ్రవరిలో మా నాయన డ్యూటీకి వెళ్ళారు. సగం మనిషి అయి, తేలిక పని మీద, కాని తన కాళ్ళ మీద తాను నడిచి, టిఫిను డబ్బా పట్టుకుని గేటు లోపలికి వెళ్ళారు. ఆ ఆదివారం రాయగిరి దాకా రైల్లో, అక్కణ్ణుంచి జట్కాలో గుట్టకు పోయాం. అయిదున్నర అంగుళాల జుట్టు అయిదు నిమిషాల్లో దిగిపోయింది. తిరుమల కల్యాణకట్టలో అయితే భక్తులిచ్చిన తలనీలాలను పొడవును బట్టి రకాలు చేసి వేలం వేస్తారు, విగ్గులకు దేశదేశాలకు పోతాయి. ఆడవాళ్ళ పొడవాటి జడలకే ధర. నాలాంటి హాకీ సరుకు ఏ రకంలోకీ రాదు. దేవుడు ఒక్కడే తీసుకోవాలి. నెత్తి మీద చల్లగాలి తగలగానే మా అమ్మ నా గుండును రెండు చేతులతో తడిమి చూసింది. మా నాయన పక్కకు తిరిగి నిలబడ్డారు.

సోమవారం కాలేజీకి వెళ్ళాను. గ్రౌండు పక్కనుంచి పోతుంటే కోచ్‌గారు కుర్చీలో కూర్చుని స్కోరు పుస్తకాలు సర్దుతున్నారు. నన్ను చూశారు. చూడగానే లేచి నిలబడ్డారు. నెత్తి మీది క్యాపు తీసి చేత పట్టుకున్నారు. నాకు మొదట అర్థం కాలేదు. దగ్గరికి వచ్చి, ఎప్పుడూ విననంత మెల్లగా అడిగారు.

"ఇంట్లో ఎవరు, బేటా?"

అప్పుడు వెలిగింది. గుండు చూసి ఆయన రెండో గుండు అనుకున్నారు.

"ఎవరూ లేదు సార్. మా నాయన డ్యూటీకి పోయిండు" అన్నాను. ఎందుకో తెలియదు, అంతవరకు ఒక్కసారీ ఏడవనివాణ్ణి అక్కడ ఏడ్చాను. అంతా చెప్పాను. ఆయన విని, క్యాపు మళ్ళీ పెట్టుకుని, "మొదలే చెబితే లింకు బాయ్‌గా పెట్టి ఆడించేవాణ్ణి కదా, బుల్లీ తీసుకునే పని తప్పేది" అన్నారు. ఆయనకు తెలిసిన ఓదార్పు అది. మరుసటి ఏడు నన్ను లోపలి ఫార్వర్డుగానే ఆడించారు, జుట్టు పొట్టిగా ఉన్నా సరే.

ఆ తర్వాత హాకీలో పొడుగు జుట్టు గొప్పగా చూసింది ధన్‌రాజ్ పిళ్ళై మీదనే. నాలుగు ఒలింపిక్సులు ఆడిన మనిషి. మన హైదరాబాదు కుర్రాడు ముఖేష్ కుమార్ బార్సిలోనా, అట్లాంటా, సిడ్నీ మూడింట్లోనూ అతనితో ముందు వరసలో ఆడాడు. 1998లో బ్యాంకాకు ఆసియా క్రీడల్లో ముప్ఫయ్ రెండేళ్ళ తర్వాత మనకు స్వర్ణం వచ్చినప్పుడు ధన్‌రాజే కెప్టెన్. 2005లో ప్రీమియర్ హాకీ లీగు మొదటిసారి పెట్టి ఆటలు గచ్చిబౌలిలో ఆడించినప్పుడు అతను మరాఠా వారియర్సు తరఫున వచ్చాడు. కప్పు మాత్రం మన హైదరాబాద్ సుల్తాన్స్ కొట్టుకుపోయారు. అతను బంతితో దూసుకుపోతుంటే జుట్టు వెనక్కి ఎగిరేది. అంత వేగం ఉన్నవాడికి కంట్లో పడే తీరిక దానికి ఎక్కడిది? అందరం ధన్‌రాజ్‌లం కాము కనుక గుడ్డ కట్టుకోవాలి.

నిబంధనల సంగతి అడుగుతారేమో. హాకీ నిబంధనల్లో జుట్టు ఇంత ఉండాలని ఎక్కడా లేదు. ఎదుటివాడికి ప్రమాదం కలిగించేవేవీ ధరించకూడదని ఉంది. అంటే గుడ్డ పట్టీ, మెత్తని రబ్బరు పరవాలేదు. ఇనుప క్లిప్పులు, పిన్నులు వద్దు. ఆడపిల్లల జట్టులో పొడుగు జడల గురించి ఏ లెక్చరరూ ఇంతవరకు సావనీరుకు వ్యాసం వ్రాయించలేదు. వాళ్ళు రెండు జడలు బిగించి, పైన పట్టీ వేసి శుభ్రంగా ఆడుతున్నారు. మగపిల్లలు వాళ్ళను అడిగి నేర్చుకుంటే సరిపోతుంది. ఎండ గురించి కూడా భయపడనక్కర్లేదు. నెత్తి మీద జుట్టు ఎండ వేడిని తలకు చేరకుండా అడ్డుకుంటుందని, ఉంగరాల జుట్టు మరీ బాగా అడ్డుకుంటుందని 2023లో బొమ్మ తల మీద విగ్గులు పెట్టి కొలిచి చెప్పారు. నా అనుభవం అడిగితే, చెమట ఆరక చిరాకుగా ఉండేది.

ఇవన్నీ వ్రాయడానికి ముందు ఆ కుర్రాణ్ణి ఒకసారి చూద్దామని మొన్న సాయంత్రం ప్రాక్టీసుకు వెళ్ళాను. సన్నగా ఉన్నాడు, లెఫ్ట్ వింగులో ఆడుతున్నాడు, కాళ్ళలో వేగం ఉంది. నీలం రిబ్బను. ప్రతి రెండు నిమిషాలకూ చేత్తో జుట్టు తోసుకుంటున్నాడు. అయిపోయాక పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాను. అడగాలా వద్దా అని కాసేపు తటపటాయించాను. చివరికి అడిగాను.

"ఎందుకు పెంచుతున్నవు, బాబూ?"

అతను నా వంక, నా బట్టతల వంక చూశాడు. చెప్పాలా వద్దా అని అతనూ తటపటాయించాడు. తర్వాత చెప్పాడు. ఆ కారణం నేను పైన వ్రాసినవాటిలో ఏదీ కాదు. అది అతని సొంత విషయం కనుక ఇక్కడ వ్రాయను. వాళ్ళ కోచ్‌తో చెప్పావా అంటే లేదన్నాడు. చెప్పమన్నాను. తల ఊపాడు గాని, ఆ ఊపు నాకు బాగా తెలిసిన ఊపే.

"ఆ రిబ్బను జారుతుంది" అన్నాను. "తడిస్తే అసలు నిలవదు. పాత సైకిలు ట్యూబు ఉందా ఇంట్లో?"

"మా ఇంట్లో సైకిల్ లేదు అంకుల్."

"పోనీ మోండా మార్కెట్ దగ్గర పంక్చరు షాపులో అడుగు. వేలెడు వెడల్పున కోసివ్వమను. దాని కింద మెత్తటి నూలు గుడ్డ మడిచి పెట్టుకో, లేకపోతే నుదురు కోసుకుపోతుంది" అని, నా జేబురుమాలు తీసి, మా ఫుల్ బ్యాక్ ఎలా కట్టాడో గుర్తు చేసుకుంటూ కట్టి చూపించాను. మొదటిసారి ముడి తప్పుగా పడింది. రెండోసారి కుదిరింది.